చిన్నపిల్లలను ఎరిగినవాళ్ళు ఏ కుర్చీలో ఉన్నారు?

(గిజుభాయి బధేకా స్మారకోపన్యాసం పాఠం)



గిజుభాయి పేరు మీద జరిగే సభల్లో సాధారణంగా ఆయన బోధన గురించి మాట్లాడుకుంటాం. కథ, ఆట, పాట, భయం లేని తరగతి గది. మాట్లాడుకోవలసినవే. ఈ రోజు మాత్రం నేను పరిపాలన గురించి మాట్లాడతాను. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల చదువు మీద రాష్ట్రంలో జీవోలు రాసేవాళ్ళు, బడ్జెట్లు వేసేవాళ్ళు, బడులు తనిఖీ చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఆ వయసు పిల్లల గురించి చదువుకున్నవాళ్ళు ఎందరు? ఆ పిల్లల మధ్య నేలమీద కూర్చుని పనిచేసినవాళ్ళు ఎందరు? చాలా తక్కువ. ఈ కొరత వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

గిజుభాయి 1885 నవంబర్ 15న సౌరాష్ట్రలోని చిత్తల్‌లో పుట్టారు. వృత్తి వకాలతు. 1913లో కొడుకు పుట్టాక, వీణ్ణి ఎలా పెంచాలి, ఏ బడిలో వెయ్యాలి అని వెతుక్కుంటూ మాంటిసోరీ రచనల దాకా వెళ్ళారు. 1916లో భావ్‌నగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడే బాలమందిరం తెరిచారు. పుస్తకంలో చదివింది పిల్లల దగ్గర సరిచూసుకోవడం, పిల్లల దగ్గర చూసింది రాసుకోవడం, రాసుకున్నది మళ్ళీ టీచర్లకు నేర్పడం. 1939లో కన్నుమూసేదాకా ఆయన చేసిన పని అదే. గుజరాతీలు ఆయన్ని ‘మీసాల అమ్మ’ అని పిలుచుకున్నారు. చిన్నపిల్లల చదువులో నైపుణ్యం పుట్టుకతో వచ్చేది కాదనీ, ఆడవాళ్ళకు సహజంగా అబ్బే సుగుణం అంతకన్నా కాదనీ, చదివి, చూసి, చేసి సంపాదించుకునే విద్య అనీ ఆయన జీవితమే చెబుతోంది.

గిజుభాయి పుస్తకం ‘పగటి కల’ తెలుగులో చాలామంది చదివారు. చదివినవాళ్ళకు అందులోని ఉపాధ్యాయుడు గుర్తుంటాడు. నాకు అందులోని విద్యాధికారి కూడా అంతే ముఖ్యం. ఒక మనిషి వచ్చి, నాకో తరగతి ఇవ్వండి, ఏడాదిపాటు నా పద్ధతిలో చెప్పి చూస్తాను అంటాడు. అధికారికి నమ్మకం తక్కువే. అయినా నాలుగో తరగతి అప్పగిస్తాడు. వచ్చి చూస్తాడు, అడుగుతాడు, మళ్ళీ చూస్తాడు. తనకు తెలియని విషయం తెలిసినవాడికి చోటివ్వడమే ఆ అధికారి గొప్పదనం. ఆ పుస్తకాన్ని టీచర్లకు ఇచ్చి చదవమంటాం. అధికారుల శిక్షణ తరగతుల్లో చదివించాలని మనకు తోచదు.

చిన్నపిల్లల చదువు విద్యాశాఖ చేతిలో లేకుండా పోవడం వెనక ఒక చరిత్ర ఉంది. 1944 నాటి సార్జెంట్ నివేదిక మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు నర్సరీ బడులు ఉండాలనీ, దేశం మొత్తం మీద పది లక్షల మందికి చోటు కల్పించాలనీ చెప్పింది. చెప్పింది విద్యా నివేదికే. ఆ తర్వాతి ఏడాది గిజుభాయి సహచరి తారాబాయి మోడక్ ఇప్పటి మహారాష్ట్రలోని బోర్డీలో పని మొదలుపెట్టారు. ఆదివాసీ పిల్లలు బాలవాడికి రాకపోతే, ఆమే వాళ్ళ పేటకు వెళ్ళి వాకిట్లో బడి పెట్టారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. మన అంగన్‌వాడీకి మూలం అక్కడుంది. అంటే అంగన్‌వాడీ పుట్టింది చదువు కోసం.

స్వాతంత్ర్యం వచ్చాక 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి తొలి అధ్యక్షురాలు. పల్లెల్లో బాలవాడీలు విస్తరించడానికి ఆ బోర్డు చేసిన సాయం తక్కువది కాదు. విద్యాశాఖలు ఒకటో తరగతి గడప దాటి కిందికి చూడని రోజుల్లో, సంక్షేమం వైపు నుంచైనా ఆ పిల్లలను పట్టించుకున్నది వాళ్ళే. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడూ అదే దారి కొనసాగింది. ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, రిఫరల్, తల్లులకు పోషణ పాఠాలు తక్కిన ఐదు. ఆకలి ముందు, అక్షరం తర్వాత అన్న లెక్క ఆనాటి పరిస్థితుల్లో సమంజసమే. కాని ఐదు సేవలను కొలిచే తూకం యంత్రాలు, ఎదుగుదల చార్టులు, రిజిస్టర్లు వచ్చాయి. ఆరోదాన్ని చూసి, ఇది బాగుంది, ఇది బాగా లేదు అని చెప్పగల మనిషి మాత్రం రాలేదు.

1985లో మహిళా శిశు అభివృద్ధి విభాగాన్ని మానవ వనరుల మంత్రిత్వ శాఖలోనే పెట్టారు. విద్యాశాఖ కూడా అందులోనిదే. 2006లో వేరే మంత్రిత్వ శాఖ అయ్యేదాకా ఇరవై ఏళ్ళు రెండూ ఒకే మంత్రి కింద ఉన్నాయి. ఒకే కప్పు కింద ఉన్నప్పుడే కలిసి పనిచేయడం అలవాటు కాలేదంటే, లోపం శాఖల పేర్లలో లేదు. రెండు వైపులా పిల్లల విద్య తెలిసినవాళ్ళకు అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్ళకు అది తెలియదు.

చట్టం సంగతీ చూడండి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆ కేసులోనే, సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ చదువు ప్రాథమిక హక్కు అంది. కింది వయసు గీత గీయలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి ఆరు నుంచి పద్నాలుగు అని గీత గీసింది. ఆరేళ్ళ లోపు పిల్లలను 45వ అధికరణంలోకి, ఆదేశిక సూత్రాల్లోకి పంపింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్ళు దాటిన పిల్లల కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని ఊరుకుంది. తప్పనిసరి కాని పనికి పోస్టులు మంజూరు కావు. పోస్టులు లేని చోట నైపుణ్యం నిలవదు.

ఇప్పుడు ఒక అంగన్‌వాడీ కేంద్రంలోకి తొంగిచూద్దాం. పల్లెలో అద్దెగది. ఉదయం పూట పదిహేనుమంది పిల్లలు. టీచరమ్మ ఒక మూల చింతపిక్కలు, సీసా మూతలు, రాలిన ఆకులు పోసి పెట్టింది. నాలుగేళ్ళ పాప పిక్కలను కుప్పలు చేస్తోంది. ముందు పెద్దవీ చిన్నవీ వేరుచేసింది. కాసేపటికి వాటిని కలిపేసి, నున్నగా ఉన్నవి, పొట్టు ఊడినవి అంటూ కొత్తగా విడదీసింది. ఒకే వస్తువులను రెండు లక్షణాల ప్రకారం రెండుసార్లు విభజించింది. రేపు కూడికలకూ, అక్షరాల పోలికలూ తేడాలూ గుర్తుపట్టడానికీ కావలసిన బుర్ర అక్కడ తయారవుతోంది. అంతలో తనిఖీకి వచ్చిన అధికారి లోపలికి అడుగుపెడతారు. పాపను లేపి, “ఏబీసీడీలు చెప్పమ్మా” అంటారు. పాప బిక్కమొహం వేస్తుంది. “ఏమిటమ్మా, ఇంకా ఏమీ నేర్పలేదా? ప్రైవేటు బళ్ళో ఎల్‌కేజీ పిల్లలు గడగడా చెప్పేస్తున్నారు” అని టీచరమ్మ మీద విసుక్కుంటారు. గుడ్ల లెక్క, బాలామృతం లెక్క, పోషణ్ ట్రాకర్‌లో హాజరు చూసుకుని వెళ్ళిపోతారు. మర్నాటి నుంచి చింతపిక్కలు బీరువా ఎక్కుతాయి. గోడ మీద ఏబీసీడీల చార్టు దిగుతుంది. ఆ అధికారి చెడ్డవారు కారు, సోమరి అసలే కారు. ఎండలో వచ్చారు, శ్రద్ధగానే చూశారు. ఏం చూడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు, అంతే.

మన వ్యవస్థలో ఆయనకు నేర్పే ఏర్పాటు ఎక్కడుందో వెతకండి. విద్యాశాఖ వైపు మండల విద్యాధికారి (ఎంఈఓ) సాధారణంగా ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుల శ్రేణి నుంచి వస్తారు. పదో తరగతి ఫలితాల ఒత్తిడి ఆయనకు బాగా తెలుసు. మూడేళ్ళ పిల్ల గురించి తెలుసుకునే అవసరం ఉద్యోగ జీవితంలో ఆయనకు ఏనాడూ రాలేదు. ఒకటి, రెండు తరగతులకు జీవితమంతా చెప్పిన సెకండరీ గ్రేడ్ టీచరుకు (ఎస్‌జీటీ) పదోన్నతి అంటే చాలావరకు పై తరగతులకు వెళ్ళడమే. చిన్నపిల్లల దగ్గర నేర్చుకున్నది అక్కడ వదిలేసి మెట్టెక్కాలి. స్త్రీ శిశు సంక్షేమం వైపు శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారుల్లో (సీడీపీఓ) హోంసైన్స్ చదివినవాళ్ళు ఉన్నారు, శిశువికాసం వాళ్ళకు పాఠ్యాంశం కూడా. మన చేతిలో ఉన్న అసలైన నైపుణ్యం కొంత అక్కడే ఉంది. కాని వాళ్ళ రోజంతా సరుకుల సరఫరాకూ, ఖాళీల భర్తీకీ, వీడియో కాన్ఫరెన్సులకూ సరిపోతోంది. జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు (డైట్లు) ఒకటో తరగతి నుంచి చెప్పే టీచర్ల కోసం ఏర్పడినవి. పూర్వ ప్రాథమిక విద్యలో రెండేళ్ళ డిప్లొమా అంటూ ఒకటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనల్లో ఉంది. ఆ చదువు చదివిన మనిషికి ప్రభుత్వంలో ఏ ఉద్యోగం వస్తుందని ఒక అమ్మాయి అడిగితే చెప్పడానికి మన దగ్గర జవాబు లేదు.

న్యాయస్థానాలు ఈ విషయంలో మనకన్నా స్పష్టంగా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీల గ్రాట్యుటీ కేసులో సుప్రీంకోర్టు, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అక్కడ నడిచేది పూర్తిగా విద్యా కార్యకలాపమే అంది. 2023 ఆగస్టులో, ప్రాథమిక తరగతులకు చెప్పడానికి బీఎడ్ అర్హత చాలదు, చిన్న తరగతులకు వేరే శిక్షణ ఉండాలి అని తేల్చింది. ఒకటో తరగతి టీచరుకు ప్రత్యేక నైపుణ్యం ఉండాలని చట్టం ఒప్పుకుంది. ఆ టీచరు మీద అజమాయిషీ చేసేవాళ్ళకు ఉండనవసరం లేదా? అదే 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. 42 రోజులు నడిచింది. అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించారు. అత్యవసర సేవ అని చట్టం తీసినప్పుడు గుర్తుకొచ్చిన పని, జీతం ఇచ్చేటప్పుడు గౌరవ వేతనం దగ్గర ఆగిపోవడం అన్యాయం. ఆ మాట ఈ వేదిక మీద చెప్పకుండా ఉండలేను.

నైపుణ్యం లేని నిర్ణయం ఎలా ఉంటుందో ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. మంచి ఆలోచన. అంగన్‌వాడీలో మొదలైన ఆటా మాటా రెండో తరగతి దాకా తెగకుండా సాగాలన్నది దాని సారం. ఈ దశలు పాఠ్యప్రణాళికకూ బోధనకూ సంబంధించినవేననీ, వీటి కోసం భవనాలు మార్చనక్కరలేదనీ ఆ పత్రంలోనే రాసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ దశలే బడుల విభజన అయ్యాయి. అంగన్‌వాడీలు, ఒకటి, రెండు తరగతులు ఒకవైపు. మూడు, నాలుగు, ఐదు తరగతులు చాలాచోట్ల ఉన్నత పాఠశాలకు. ఈ విభజనకు 2022లో జీవో 117 వచ్చింది. సబ్జెక్టు టీచర్లు అందుతారన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఎనిమిదేళ్ళ పిల్ల ఊరు దాటి, రోడ్డు దాటి పెద్దపిల్లల బడికి వెళ్ళాలి. పీరియడుకో టీచరు మారుతుంటే, ఇంకా ఒక పెద్దమనిషి చెంగు పట్టుకుని నేర్చుకునే వయసున్న ఆ పిల్ల ఎవరి దగ్గర కుదురుకుంటుంది? ఊళ్ళో మిగిలిన ఒకటి, రెండు తరగతులకు ఒక్క టీచరే దిక్కయితే ఆ పునాది ఏ మేరకు గట్టిపడుతుంది? ముసాయిదా తయారయ్యే గదిలో చిన్నపిల్లల గురించి తెలిసిన ఒక్కరు సమాన హోదాతో కూర్చుని ఉంటే ఈ ప్రశ్నలు మొదటి రోజే వచ్చేవి. చివరికి వాటిని తల్లిదండ్రులు బడుల ముందు ధర్నాలు చేసి అడగవలసి వచ్చింది. ప్రభుత్వం మారాక, 2025లో ఆ జీవో రద్దయింది, మళ్ళీ కొత్త రకాల బడులు వచ్చాయి. ఈసారైనా ఆ గదిలో ఎవరు కూర్చున్నారని నేను అడుగుతున్నాను. ఏ పార్టీ ప్రభుత్వమన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

మనకు దారి తెలియక కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ప్రతి రాష్ట్రంలో పూర్వ ప్రాథమిక విద్యాభివృద్ధికి ఒక రాష్ట్రస్థాయి కేంద్రం ఉండాలనీ, అది రాష్ట్ర విద్యా సంస్థలో భాగంగా పనిచేయాలనీ, క్రమంగా జిల్లాకొక కేంద్రం రావాలనీ సిఫారసు చేసింది. శిక్షణ, పరిశోధన, పర్యవేక్షణ ఒకే చోట ఉండాలన్నది దాని ఉద్దేశం. 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన వచ్చిన అధ్యయన బృందం నివేదిక చిన్నపిల్లల విద్య, ఆరోగ్యం, పోషణ కలిపి చూడాలని చెప్పింది. 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం రాష్ట్రానికొక మండలి ఉండాలంది. 2020 విధానం పాఠ్యప్రణాళిక, బోధన బాధ్యత విద్యాశాఖదేనని చెప్పి, అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్, ఏడాది డిప్లొమా కోర్సులు ప్రతిపాదించింది. ఇన్ని చెప్పినా, సొంత పోస్టులూ సొంత బడ్జెట్టూ ఉండి, మాట చెల్లే కేంద్రమేదీ మన రెండు రాష్ట్రాల్లో వేళ్ళూనలేదు. అటాచ్‌మెంట్ మీద వచ్చి, ప్రాజెక్టు ముగియగానే వెనక్కి వెళ్ళే రిసోర్స్ పర్సన్లతో పని నడుస్తోంది. వాళ్ళు నేర్చుకున్నది వాళ్ళతోనే వెళ్ళిపోతోంది.

అలా వెళ్ళిపోవడానికి కళ్ళముందు ఉదాహరణ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకు మాతృభాషలో బోధన మొదలైంది. సవర, కోయ, గోండి, కొలామి వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. భాషాశాస్త్రవేత్తలు, గిరిజన ఉపాధ్యాయులు, ఊళ్ళోని పెద్దలు కలిసి కూర్చుని చేశారు. ఇంట్లో గోండి మాట్లాడే బిడ్డ బడిలో మొదటి రోజే తెలుగు వినాలంటే ఏమవుతుందో తెలిసినవాళ్ళు అప్పుడు రాష్ట్ర కార్యాలయంలో ఉన్నారు కాబట్టి అది జరిగింది. ఆ మనుషులు ఆ కుర్చీల్లోంచి లేచాక ఆ పని అదే ఊపుతో సాగలేదు. ఇప్పుడు అన్నిచోట్లా ఇంగ్లిష్ మీడియం మాటే.

ఇది ఒట్టి సిద్ధాంతమని ఎవరైనా అనుకుంటే, రెండు పరిశోధనలు చెబుతాను. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి తెలంగాణ, రాజస్థాన్, అస్సాంలలో వేలమంది పిల్లలను నాలుగేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ దాకా వెన్నంటి చూసి 2017లో ఫలితాలు ప్రకటించాయి. పిల్లలు అంగన్‌వాడీకీ ప్రైవేటు బడికీ మధ్య అటూ ఇటూ తిరుగుతున్నారు. రెండు చోట్లా వయసుకు తగిన బోధన అరుదు. ఒకచోట ఆట తక్కువ, ఇంకోచోట రాత ఎక్కువ. వయసుకు తగిన బోధన దొరికినచోట మాత్రం పిల్లలు ముందున్నారు. ఇంగ్లిష్ మీడియం బోర్డు చూసి రెక్కల కష్టాన్ని ఎల్‌కేజీ ఫీజుకు పోస్తున్న తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పే బాధ్యత ఏ శాఖదో ఎవరికీ తెలియదు. రెండోది తమిళనాడులోది. అంగన్‌వాడీల్లో చదువు పని చూసుకోవడానికే అదనంగా ఒక మనిషిని పెట్టి చూశారు. పూర్వ ప్రాథమిక బోధనకు దొరికే సమయం రెట్టింపయింది, పిల్లల నేర్పు పెరిగింది. పాత టీచరుకు తీరిక దొరికి పోషణ పని కూడా మెరుగుపడింది. చదువు కోసం పెట్టిన మనిషి వల్ల ఆకలి పని కూడా బాగుపడిందన్నమాట.

శాఖ మార్చేస్తే సరిపోతుందా అని అడుగుతారు. సరిపోదు. స్వీడన్ 1996లో శిశువిద్యను సాంఘిక శాఖ నుంచి విద్యాశాఖకు మార్చింది. దానికి తగ్గ పాఠ్యప్రణాళికనూ, శిక్షణ పొందిన టీచర్లనూ అక్కడే నిలబెట్టుకుంది. అది లేకుండా మన అంగన్‌వాడీలను విద్యాశాఖలో కలిపితే ఒకటో తరగతి కిందికి దిగివస్తుంది. మూడేళ్ళ పిల్లకు హోంవర్కు వస్తుంది, ర్యాంకు వస్తుంది. నాకు ఆ భయం ఉంది. డబ్బు లేదంటారు. నేనడిగేది రాష్ట్రానికి ఒక సంచాలకుడు, జిల్లాకు ఇద్దరు ముగ్గురు, మండలానికి ఒకరు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్న అంగన్‌వాడీల మీద ఇప్పటికే పెడుతున్న ఖర్చులో ఇది ఎంత? ఐఏఎస్ అధికారులు అన్నీ చూసుకుంటారు కదా అంటారు. వైద్య విద్యకు డాక్టరు డైరెక్టరుగా ఉంటారు. నీటిపారుదలకు ఇంజినీర్ ఇన్ చీఫ్ ఉంటారు. కమిషనరు వాళ్ళ మాట విని నిర్ణయం తీసుకుంటారు. అలా వినడానికి శిశువిద్య వైపు ఒక మనిషి కావాలి.

నిపుణులు అన్నప్పుడు విశ్వవిద్యాలయాల పట్టాలున్నవాళ్ళ గురించి మాత్రమే నేను మాట్లాడటం లేదు. పాతికేళ్ళుగా ఒకే పేటలో పిల్లలను చూస్తున్న అంగన్‌వాడీ టీచరుకు ఎవరింట్లో గొడవలున్నాయో, ఏ బిడ్డ ఎందుకు మాట్లాడటం లేదో, ఎవరికి చెవి సరిగా వినపడదో తెలుసు. ఆమెకు చదువుకునే అవకాశమివ్వాలి. ఉద్యోగంలో ఉంటూనే డిప్లొమా చేసి, సూపర్‌వైజరుగా, మండల శిశువిద్యాధికారిగా, జిల్లా కేంద్రంలో శిక్షకురాలిగా ఎదిగే దారి ఉండాలి. ఒకటో తరగతి ప్రేమతో చెప్పే ఎస్‌జీటీకి ఆ తరగతిని వదలకుండానే హోదా పెరగాలి. వకీలు గిజుభాయి మీసాల అమ్మ అయినప్పుడు, మన పేటలోని టీచరమ్మ రాష్ట్ర సంచాలకురాలు కాకూడదని ఎక్కడా లేదు.

తెలంగాణలో 2024లో విద్యా కమిషన్ వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో బడుల పునర్వ్యవస్థీకరణ 2025లో మళ్ళీ జరిగింది. ఈ సభలో శాసనసభ్యులున్నారు, విద్యాశాఖ పెద్దలున్నారు, సంఘాల నాయకులున్నారు. మీకు నా విన్నపం ఇది. కొఠారీ కమిషన్ చెప్పిన రాష్ట్ర కేంద్రాన్ని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలిలో (ఎస్‌సీఈఆర్‌టీ) శాశ్వత పోస్టులతో, సొంత బడ్జెట్టుతో, రెండు శాఖల ఉమ్మడి ఆధీనంలో ఏర్పాటు చేయించండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలను తాకే ఏ జీవో అయినా ఆ కేంద్రం అభిప్రాయం రాతలో తీసుకున్నాకే సంతకానికి వెళ్ళాలని నిబంధన పెట్టించండి. ఉపాధ్యాయ సంఘాలు పీఆర్సీ, బదిలీల పక్కనే దీన్నీ తమ డిమాండ్ల పత్రంలో రాయండి. అంగన్‌వాడీ అక్కలారా, అధికారి మళ్ళీ మీ కేంద్రానికి వచ్చినప్పుడు చార్టు చూపించకండి. ఆయన్ని పిల్లల పక్కన నేలమీద కూర్చోబెట్టి, చింతపిక్కల కుప్పలు చూపించి, ఆ పాప ఏం చేస్తోందో మీరే వివరించి చెప్పండి.